తీవ్ర అలర్జీ వస్తే: ముందు అడ్రినలిన్, గంట తర్వాత ట్రిప్టేజ్

మన దగ్గర అలర్జీ అనగానే గుర్తొచ్చేవి ఎవిల్ ఇంజెక్షన్, సెట్రిజిన్ మాత్ర. దద్దుర్లకీ దురదకీ అవి బాగానే పనిచేస్తాయి. కానీ రొయ్యల కూర తిన్న పావుగంటకే పెదాలు వాచి, గొంతు బొంగురుపోయి, కళ్లు తిరిగి పడిపోతున్న మనిషిని ఎవిల్ కాపాడలేదు. ఆ పరిస్థితిని అనాఫిలాక్సిస్ అంటారు. దానికి మొదట ఇవ్వాల్సిన మందు అడ్రినలిన్. ఈ ఒక్క మాట మీ ఇంట్లో అందరి చెవినా పడాలన్నదే నా తాపత్రయం.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ప్రాణం నిలబడ్డాక అందరూ ఊపిరి పీల్చుకుని ఇంటికొచ్చేస్తారు. ఆ రోజే చేయించాల్సిన ట్రిప్టేజ్ అనే రక్త పరీక్ష చాలాసార్లు అలా వదిలేసినట్టే అయిపోతుంది. కొంతమందిలో అసలు తేడా కందిరీగ విషంలోనో, మింగిన మాత్రలోనో ఉండదు. వాళ్ల ఒంట్లోని మాస్ట్ కణాల్లో ఉంటుంది. అది తెలుసుకోవడానికి దొరికే మంచి అవకాశం రియాక్షన్ మొదలయ్యాక తొలి నాలుగు గంటలే.

లోపల జరిగేది

మాస్ట్ కణాలు చర్మంలో, ముక్కులో, ఊపిరితిత్తుల్లో, పేగుల్లో, రక్తనాళాల చుట్టూ ఉంటాయి. 1878లో పాల్ ఎర్లిక్ అనే జర్మన్ యువకుడు తన డాక్టరేట్ పరిశోధనలో కణాలకు రంగులు అద్ది చూస్తూ వీటిని వేరుగా గుర్తుపట్టాడు. ఒక్కో కణం నిండా హిస్టమిన్, ట్రిప్టేజ్ లాంటి రసాయనాలు రేణువులుగా నిల్వ ఉంటాయి. అలర్జీ ఉన్నవాళ్లలో ఐజీఈ అనే యాంటీబాడీ ఈ కణాలకు అంటుకుని ఉంటుంది. 1966-67 ప్రాంతంలో అమెరికాలో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిక్ వేర్వేరుగా కనిపెట్టింది దీన్నే. పడని పదార్థం వచ్చి ఐజీఈని తాకగానే కణాలు తమ దగ్గరున్నదంతా ఒక్కసారిగా వదిలేస్తాయి. రక్తనాళాలు వదులైపోయి బీపీ పడిపోతుంది. వాటిలోంచి నీరు బయటికి ఊరి వాపులు వస్తాయి. శ్వాసనాళాలు బిగుసుకుపోతాయి.

ఎవిల్ లాంటి మందులు వీటిలో హిస్టమిన్ ఒక్కదాన్నే అడ్డుకుంటాయి, అదీ నిదానంగా. అడ్రినలిన్ మాత్రం నాళాలను మళ్లీ బిగిస్తుంది, గుండెకు బలమిస్తుంది, శ్వాసనాళాలను తెరుస్తుంది, మాస్ట్ కణాలు ఇంకా వదలకుండా కూడా చూస్తుంది. శ్రీలంకలో వెయ్యిమందికి పైగా పాముకాటు రోగులమీద చేసిన పరిశోధన 2011లో వెలువడింది. విషానికి విరుగుడు మందు ఎక్కించేటప్పుడు రియాక్షన్ రాకుండా ముందుగా ఏది ఇస్తే మంచిదని అందులో చూశారు. తక్కువ మోతాదు అడ్రినలిన్ తీవ్రమైన రియాక్షన్లను గణనీయంగా తగ్గించింది. హైడ్రోకార్టిజోన్ గానీ, ఎవిల్ కోవకే చెందిన ప్రోమెథజైన్ గానీ తగ్గించలేదు. ఇది నివారణ మీద జరిగిన పరిశోధనే అయినా, మన ఊళ్లలో స్టెరాయిడ్, ఎవిల్ కలిపి ఇచ్చేసి నిశ్చింతగా కూర్చునే అలవాటున్న వాళ్లంతా ఒకసారి ఆలోచించాల్సిన విషయం.

మొదట గుర్తుపట్టండి

ఒట్టి దద్దుర్లే అయితే కంగారు పడక్కర్లేదు. దద్దుర్లు, పెదాల వాపు లాంటి వాటికి తోడు కింది వాటిలో ఏ ఒక్కటి కలిసినా అనాఫిలాక్సిస్ అనుకోండి:

- ఆయాసం, పిల్లికూతలు, ఆగని దగ్గు, గొంతు పట్టేసినట్టుండటం, గొంతు మారిపోవడం
- కళ్లు తిరగడం, చల్లటి చెమటలు, సొమ్మసిల్లడం. పసిపిల్లలైతే ఉన్నట్టుండి వేలాడిపోవడం
- వరసగా వాంతులు, మెలిపెట్టే కడుపునొప్పి

చర్మం మీద ఏమీ కనిపించకుండా కూడా రావచ్చు. పడదని తెలిసిన వస్తువు తిన్నాక, లేదా తేనెటీగ కుట్టాక, లేదా ఇంజెక్షన్ పడ్డాక కాసేపటికే ఊపిరి ఆడకపోయినా, బీపీ పడిపోయినా దద్దుర్ల కోసం ఎదురుచూడకండి. దద్దుర్లు లేకుండా నేరుగా పడిపోవడం మామూలు విషయం కాదు, దాని సంగతి కింద చెబుతాను.

ఎంత టైం ఉంటుంది? బ్రిటన్‌లో అనాఫిలాక్సిస్ మరణాలను పరిశీలించి పంఫ్రీ అనే వైద్యుడు 2000లో లెక్క చెప్పాడు. చనిపోయినవాళ్లలో గుండె గానీ ఊపిరి గానీ ఆగిపోవడానికి పట్టిన సమయం మధ్యస్థంగా చూస్తే ఆహారంతో 30 నిమిషాలు, తేనెటీగలు, కందిరీగలతో 15, ఆసుపత్రిలో ఇచ్చిన మందులతో 5. పక్క ఊరి ఆసుపత్రికి వెళ్లాక చూద్దాంలే అనుకోవడానికి ఇందులో చోటు లేదు.

పడుకోబెట్టండి, నడిపించకండి

మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ల కింద దిండు పెట్టండి. ఆయాసం ఎక్కువగా ఉంటే కాళ్లు చాపి, వీపుకి ఆనింపు పెట్టి కూర్చోబెట్టండి. వాంతులవుతున్నా, స్పృహ తప్పినా పక్కకి తిప్పండి. గర్భిణి అయితే ఎడమ పక్కకి.

అన్నిటికన్నా ముఖ్యం, లేపి నిలబెట్టకండి. బీపీ పడిపోయిన మనిషిని ఒక్కసారిగా లేపితే గుండెకి తిరిగి రావాల్సిన రక్తం కాళ్లలోనే ఉండిపోతుంది. గుండె ఖాళీగా కొట్టుకుంటుంది. ఇలా లేచి కూర్చోగానే, నిలబడగానే ప్రాణం పోయినవాళ్ల సంగతి పంఫ్రీ 2003లో రాశాడు. బైక్ మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని తీసుకెళ్లడం మన ఊళ్లలో మామూలు. ఈ ఒక్క జబ్బులో మాత్రం ఆ పని చేయకండి. ఆటో వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకెళ్లడం దానికన్నా నయం.

తేనెటీగ కుట్టి ముల్లు దిగి ఉంటే వెంటనే గోరుతో గీకి తీసేయండి. ఎలా తీశామన్న దానికన్నా ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యం. సున్నం రాయడం వగైరాలకి టైం పెట్టకండి.

అడ్రినలిన్ ఇవ్వండి

తొడ మధ్యభాగంలో, బయటి వైపు, కండలోకి. ఎందుకు తొడే అంటే, కెనడాలో ఎస్టెల్ సైమన్స్ బృందం పిల్లల్లో కొలిచి చూసింది. తొడ కండలోకి ఇచ్చినప్పుడు రక్తంలో మందు గరిష్ఠ స్థాయికి చేరడానికి సగటున 8 నిమిషాలు పట్టింది. చర్మం కిందకి ఇస్తే 34 నిమిషాలు. పై లెక్కలో కందిరీగ ఇచ్చే వ్యవధి పావుగంటేనని గుర్తుంచుకుంటే ఈ తేడా విలువ అర్థమవుతుంది.

అమెరికా, బ్రిటన్‌లలో ఉండే మనవాళ్లకి పెన్నులా ఉండే ఆటో ఇంజెక్టర్లు రాసిస్తారు. 2024 ఆగస్టులో అమెరికాలో ముక్కులో కొట్టే అడ్రినలిన్ స్ప్రేకి కూడా అనుమతి వచ్చింది. ఇండియాకి సెలవులకి వచ్చేటప్పుడు రెండు తెచ్చుకోండి, ఒకటి చాలదు. ఇక్కడ అవి సులువుగా దొరకవు. ఇక్కడ మందుల షాపులో దొరికేది ఒక మిల్లీలీటరు ఆంపుల్. అందులో 1 మిల్లీగ్రాము అడ్రినలిన్ ఉంటుంది. ధర చాలా తక్కువ. డాక్టర్ చేత చీటీ రాయించుకుని, మోతాదు కూడా ఆయన చేతే కాగితం మీద పెట్టించుకుని, కనీసం రెండు ఆంపుల్స్ ఇంట్లో ఉంచుకోండి.

మామూలుగా వాడే లెక్క కిలో బరువుకి 0.01 మిల్లీగ్రాము. 20 కిలోల పాపకి 0.2 మిల్లీలీటరు. పెద్దవాళ్లకి 0.5 మిల్లీలీటరు, అంటే సగం ఆంపుల్. చిన్నపిల్లలకి ఒక మోతాదు 0.3 మిల్లీలీటరు దాటకూడదు.

సిరంజి దగ్గర జాగ్రత్త. ఇంట్లో షుగర్ పేషెంట్ ఉన్నారు కదా, ఇన్సులిన్ సిరంజితో కానిద్దాం అనుకోకండి. దాని సూది కండ దాకా దిగదు, గీతలు కూడా యూనిట్లలో ఉంటాయి. ఒక మిల్లీలీటరు సిరంజి, అంగుళం సూది విడిగా అడిగి కొనుక్కోండి.

ఆంపుల్‌ని నిలువుగా పట్టుకుని పైభాగాన్ని వేలితో రెండుసార్లు తట్టండి, మందంతా కిందకి దిగుతుంది. మెడ దగ్గర చుక్క ఉంటే అది మీ వైపు ఉండేలా పట్టుకుని, గుడ్డ ముక్క చుట్టి వెనక్కి విరవండి. సూదితో కావలసిన గీత దాకా లాగి, సిరంజిని పైకెత్తి గాలి బుడగ తీసేయండి. తొడలోకి నిటారుగా పూర్తిగా గుచ్చి, పిస్టన్ నెమ్మదిగా నొక్కండి. తొందరలో పల్చటి బట్ట మీంచైనా ఫర్వాలేదు. నరంలోకి మాత్రం ఎప్పుడూ ఇవ్వకూడదు, ఇంట్లో అసలే కూడదు.

చదవడానికి తేలికగా ఉంటుంది గానీ చేతులు వణుకుతున్నప్పుడు అంత తేలిక కాదు. సైమన్స్ బృందమే 2001లో తల్లిదండ్రుల చేత ఆంపుల్‌లోంచి మందు లాగించి చూసింది. వాళ్లకి సగటున 142 సెకన్లు పట్టింది, ఎమర్జెన్సీ నర్సులకి 29. సెకన్ల సంగతి అటుంచితే, తల్లిదండ్రులు లాగిన మోతాదుల్లో అతి తక్కువకీ అతి ఎక్కువకీ మధ్య 40 రెట్ల తేడా వచ్చింది. అందుకే ప్రాక్టీస్ తప్పదు. డేట్ అయిపోయిన ఆంపుల్స్ పారేయకండి, వాటితో లాగడం, బత్తాయి పండులోకి గుచ్చడం చేసి చూడండి. మొదటిసారి నర్సు దగ్గర కూర్చుని నేర్చుకోండి. అమ్మమ్మ, నాన్న, పిల్లాడి బాబాయ్, రోజూ ఇంట్లో ఉండేది ఎవరైతే వాళ్లంతా నేర్చుకోవాలి.

ఇచ్చాక గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి, ముఖం పాలిపోతుంది. అది మందు పనిచేస్తున్న గుర్తు. 5 నుంచి 15 నిమిషాల్లో తేరుకోకపోతే రెండో మోతాదు ఇవ్వాలి. గుండెజబ్బు ఉందని భయపడి ఆపకండి, ఈ స్థితిలో ఇవ్వకపోవడమే పెద్ద ప్రమాదం. బీపీకి అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు వాడేవాళ్లలో అడ్రినలిన్ సరిగా పట్టకపోవచ్చు. ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పాలి. మీ అంతట మీరు ఆ మాత్రలు మానకండి.

మందును గది ఉష్ణోగ్రతలో, వెలుతురు తగలకుండా పెట్టండి. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో కారు డ్యాష్‌బోర్డులో వదిలేస్తే పాడైపోతుంది. రంగు మారిందంటే పారేసి కొత్తది తెచ్చుకోండి.

108కి ఏం చెప్పాలి, దగ్గర్లో ఉన్న డాక్టర్‌కి ఏం చెప్పాలి

ఇంజెక్షన్ ఇచ్చేలోపే ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. "అలర్జీ వచ్చింది" అని ఊరుకోకండి. "అలర్జీతో ఊపిరాడట్లేదు, స్పృహ తప్పుతోంది, అడ్రినలిన్ కావాలి" అనండి. మందు ఇంట్లో లేక దగ్గర్లోని ఆర్‌ఎంపీ దగ్గరికే వెళ్లాల్సి వస్తే మొహమాటపడకండి. "డాక్టర్ గారూ, ఎవిల్ తర్వాత ఇద్దురుగానీ, ముందు తొడలో అడ్రినలిన్ ఇవ్వండి" అని అడగండి. అడిగినందుకు ఎవరైనా విసుక్కున్నా పట్టించుకోవద్దు.

బాగానే ఉందనిపించినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. తగ్గిన రియాక్షన్ కొన్ని గంటల తర్వాత మళ్లీ రావచ్చు.

గంట తర్వాత: ట్రిప్టేజ్

ప్రమాదం గడిచింది, సెలైన్ ఎక్కుతోంది. ఇప్పుడు అడగండి: "మేడమ్, మొదలై గంటన్నర అయింది. సీరమ్ ట్రిప్టేజ్‌కి రక్తం తీసి పెడతారా? ఇక్కడ చేయకపోతే ల్యాబ్‌కి పంపిద్దాం."

ట్రిప్టేజ్ దాదాపుగా మాస్ట్ కణాల్లోనే ఉండే పదార్థం. హిస్టమిన్ నిమిషాల్లో మాయమవుతుంది. ట్రిప్టేజ్ అలా కాదు. ఒకటి రెండు గంటల్లో రక్తంలో గరిష్ఠానికి చేరి, తర్వాత మెల్లగా తగ్గుతుంది. నాలుగు గంటలు దాటితే సమాచారం జారిపోయినట్టే. 1987లో లారెన్స్ ష్వార్ట్జ్, ఆయన సహచరులు దీన్ని అనాఫిలాక్సిస్‌కి సాక్ష్యంగా నిలబెట్టారు. ఊళ్లో ఆ పరీక్ష లేకపోయినా రక్తం నుంచి సీరమ్ వేరు చేసి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు రోజులు పాడవదు. హైదరాబాద్‌కో చెన్నైకో పంపించే ల్యాబ్ దొరుకుతుంది. గొట్టం మీద రక్తం తీసిన టైం, రియాక్షన్ మొదలైన టైం రెండూ రాయించండి.

ఒక్క పరీక్షతో అయిపోదు. పూర్తిగా కోలుకుని కనీసం 24 గంటలు గడిచాక రెండోసారి తీయించాలి. అది మీ మామూలు స్థాయి. 2010లో వియన్నాలో కూర్చున్న నిపుణులు ఖరారు చేసిన లెక్క ఇది: మామూలు స్థాయిని 1.2తో గుణించి 2 కలపండి. రియాక్షన్ నాటి సంఖ్య దానికి సమానంగా గానీ, ఎక్కువగా గానీ ఉంటే ఆ రోజు మాస్ట్ కణాలు నిజంగానే పేలాయని అర్థం.

మామూలు స్థాయి 5 అనుకుందాం (ఈ సంఖ్యలన్నీ మిల్లీలీటరుకి నానోగ్రాముల్లో). 5ని 1.2తో గుణిస్తే 6, రెండు కలిపితే 8. రియాక్షన్ రోజు 9 వచ్చిందనుకోండి. ల్యాబ్ రిపోర్ట్‌లో సాధారణ హద్దు సుమారు 11 అని ఉంటుంది కాబట్టి "నార్మల్" అనే ప్రింటవుతుంది. కానీ మీ లెక్క ప్రకారం అది నార్మల్ కాదు. రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి డాక్టర్‌కి చూపించాల్సింది ఇందుకే. ఆహారం వల్ల వచ్చిన రియాక్షన్లలో ట్రిప్టేజ్ పెరగకపోవడం కూడా తరచూ జరుగుతుంది. పెరగలేదు కాబట్టి అనాఫిలాక్సిస్ కాదనడానికి లేదు.

ఆ రాత్రే రాసి పెట్టుకోండి

రెండు రోజులు పోతే సగం మర్చిపోతారు. రియాక్షన్‌కి ముందు ఆరు గంటల్లో తిన్నవన్నీ, చట్నీలో వేసిన నువ్వులు, వేరుశనగలతో సహా రాయండి. మాత్రలు రాయండి, ముఖ్యంగా డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు. ఎండలో తిరిగారా, పరిగెత్తారా, మద్యం తాగారా, జ్వరం ఉందా, నెలసరా అన్నదీ రాయండి. చపాతీ ఒక్కటే తింటే ఏమీ కాక, చపాతీ తిని వెంటనే జాగింగ్‌కి వెళ్తేనే కుప్పకూలే మనుషులున్నారు. గోధుమలోని ఒక ప్రోటీన్, వ్యాయామం రెండూ కలిస్తేనే వాళ్లకి ఆ రియాక్షన్ వస్తుంది. దద్దుర్లని ఫోన్‌లో ఫొటో తీయండి.

అలర్జీ పరీక్షలకి ఎప్పుడు, ఎలా

నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి అలర్జీ నిపుణుల దగ్గరికి వెళ్లండి. చర్మం మీద చేసే పరీక్షకి ముందు సెట్రిజిన్ లాంటివి ఎన్ని రోజులు ఆపాలో వాళ్లే చెబుతారు. "రెండువందల ఆహారాలకి ఒకే పరీక్ష" అనే ప్యాకేజీల జోలికి పోకండి. కర్ణాటకలో పెద్దవాళ్ల మీద చేసిన ఒక పెద్ద పరిశోధనలో నూటికి 26 మందికి పైగా రక్తంలో ఏదో ఒక ఆహారానికి ఐజీఈ కనిపించింది. తిన్నప్పుడు నిజంగా అలర్జీ వస్తోందని తేలింది నూటికి ఒకరికి కాస్త పైన. ప్యాకేజీ రిపోర్టు పట్టుకుని పిల్లలకి పాలు, గుడ్లు, పప్పులు అన్నీ మాన్పించిన ఇళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. మీరు రాసుకున్న కాగితమే ఏ పరీక్ష చేయించాలో చెప్పాలి.

మాస్ట్ కణాల జబ్బు అని ఎప్పుడు అనుమానించాలి

తేనెటీగో కందిరీగో కుట్టాక దద్దుర్లు, వాపు ఏమీ లేకుండా నేరుగా స్పృహ తప్పితే, అందులోనూ మగవాళ్లయితే, డాక్టర్‌ని ఈ మాట అడగండి. ఈ జబ్బు ఉండే అవకాశాన్ని అంచనా వేయడానికి స్పెయిన్ నిపుణులు తయారుచేసిన రెమా స్కోరులో ఇవన్నీ పాయింట్లు పెంచుతాయి. మామూలు రోజుల్లో కూడా ట్రిప్టేజ్ 20 దాటి ఉంటే అనుమానం గట్టిపడుతుంది. పెద్దవాళ్ల తొడల మీద, పొట్ట మీద ఎర్రటి గోధుమరంగు మచ్చలుండి, రుద్దితే అవి ఉబ్బుతుంటే అది కూడా గుర్తే. మీరే రుద్ది చూడకండి, చర్మవ్యాధుల డాక్టర్‌కి వదిలేయండి. పిల్లల్లో ఇలాంటి మచ్చలు చాలావరకు చర్మానికే పరిమితమై, యుక్తవయసు వచ్చేసరికి తగ్గిపోతాయి.

మాస్ట్ కణాలు ఒంట్లో అతిగా పేరుకుపోయే ఈ జబ్బుని పెద్దవాళ్లలో సిస్టమిక్ మాస్టోసైటోసిస్ అంటారు. నూటికి 90 మందికి పైగా రోగుల్లో కిట్ అనే జన్యువులో డి816వి అనే ఒకే మార్పు కనిపిస్తుంది. రక్తంలోనే దీన్ని వెతకొచ్చు, కానీ అత్యంత సున్నితమైన పీసీఆర్ పద్ధతిలో చేయమని అడగాలి. మామూలు జన్యు పరీక్షకి చిక్కకపోవచ్చు. నిర్ధారణకి ఎముక మజ్జ పరీక్ష కావాలి, దానికి రక్తవ్యాధుల డాక్టర్‌ని (హెమటాలజిస్ట్) కలవాలి. ఎముకలు గుల్లబారే అవకాశం ఉంది కాబట్టి ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్ కూడా చేయించుకోండి. మందుల విషయంలో ఈ పదేళ్లలో కదలిక వచ్చింది. అమెరికాలో 2017లో మిడోస్టారిన్‌కి, 2021లో అవాప్రిటినిబ్‌కి ముదిరిన జబ్బులో అనుమతి దొరికింది. 2023లో నిదానంగా సాగే రకానికి కూడా అవాప్రిటినిబ్‌ని అనుమతించారు.

ట్రిప్టేజ్ 8 పైన ఉండి మిగతావేవీ తేలకపోతే, అది కుటుంబంలో వచ్చే లక్షణమై ఉండొచ్చు. ట్రిప్టేజ్ జన్యువు అదనపు ప్రతులు కొందరికి పుట్టుకతోనే ఉంటాయని 2016లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల బృందం బయటపెట్టింది. వాళ్లలో చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు.

నీరసం, కడుపుబ్బరం, తలనొప్పి ఉండి ఇంటర్నెట్‌లో చదివి నాకు మాస్ట్ సెల్ యాక్టివేషన్ సిండ్రోమ్ ఉందని టెన్షన్ పడేవాళ్లకి ఒక మాట. ఆ పేరు పెట్టాలంటే మూడూ ఉండాలి: రెండు అవయవ వ్యవస్థల్లోనైనా వచ్చిపోయే తీవ్ర లక్షణాలు, ఆ సమయంలో పై లెక్క ప్రకారం ట్రిప్టేజ్ పెరగడం, మాస్ట్ కణాలను అదుపుచేసే మందులకి తగ్గడం. మీ బాధ నిజమే. దానికి వేరే కారణం ఉండొచ్చు, దాన్ని వెతికించుకోండి.

ఆపరేషన్‌కి ముందు, జేబులో పెట్టుకునే కాగితం

2015లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ శాస్త్రవేత్తలు మాస్ట్ కణాల మీదున్న ఇంకో తలుపు పాత్రను చూపించారు. ఎంఆర్‌జీపీఆర్‌ఎక్స్2 అనే ఆ గ్రాహకం ద్వారా సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు, మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు వదులయ్యేందుకు వాడే కొన్ని మందులు ఐజీఈ ప్రమేయం లేకుండానే కణాలను రెచ్చగొట్టగలవు. "టెస్ట్ డోస్ ఇచ్చాం, ఏం కాలేదు" అన్న భరోసా మీద ఆధారపడకపోవడమే మంచిది. అనాఫిలాక్సిస్ వచ్చినవాళ్లు, మాస్టోసైటోసిస్ ఉన్నవాళ్లు ఆపరేషన్‌కీ, పంటి వైద్యానికీ, కాంట్రాస్ట్ స్కాన్‌కీ ముందే మత్తు డాక్టర్‌ని కలిసి అంతా చెప్పాలి.

కాగితం మీద ఇవి చాలు, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ: పేరు, బరువు, ఏది పడదు, మామూలు ట్రిప్టేజ్ ఎంత, అడ్రినలిన్ మోతాదు ఎంత, ఎక్కడ ఇవ్వాలి, రోజూ వాడే మందులు, ఇంటి ఫోన్ నంబరు. లామినేషన్ చేయించి ఒకటి పర్సులో, ఒకటి ఆంపుల్స్ డబ్బాలో పెట్టండి. బడికెళ్లే పిల్లలైతే క్లాస్ టీచర్‌కొకటి, హాస్టల్ వార్డెన్‌కొకటి ఇవ్వండి. బరువు పెరిగినప్పుడల్లా మోతాదు మార్పించి కొత్త కాగితం రాయించండి.